ఉపగ్రహం కింద పడకుండా ఎలా ఉంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ టీవీలో "ఉపగ్రహం నిర్ణీత కక్ష్యలోకి చేరింది" అని చెబుతారు, అందరం చప్పట్లు కొడతాం. చేరాక అది అక్కడే ఎలా ఉంటుందన్నది మాత్రం చాలామందికి తీరని అనుమానం. బడి పిల్లల నుంచి ఇంటి మీద డిష్ బిగించుకున్నవాళ్ల దాకా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. సూత్రాలు పెట్టలేదు, అవసరమైన చోట అంకెలు మాత్రం ఇచ్చాం.

అసలు ఉపగ్రహం కింద ఎందుకు పడదు?

పడుతూనే ఉంటుంది. ఒక్క క్షణం కూడా ఆగకుండా భూమి వైపు పడుతూనే ఉంటుంది. అయితే పడుతున్నంతసేపూ పక్కకు కూడా విపరీతమైన వేగంతో పోతూ ఉంటుంది కాబట్టి నేల దానికి అందదు.

అంకెల్లో చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఏ వస్తువునైనా వదిలేస్తే మొదటి సెకనులో దాదాపు 4.9 మీటర్లు కిందికి వస్తుంది. భూమి గుండ్రంగా ఉంది కదా, ఒక చోట నుంచి తిన్నగా గీత గీసుకుంటూ పోతే 7.9 కిలోమీటర్ల దూరం వెళ్లేసరికి నేల ఆ గీతకు 4.9 మీటర్లు కిందికి వంగి ఉంటుంది. అంటే ఒక వస్తువు సెకనుకు 7.9 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా దూసుకుపోతే, అది ఎంత పడిందో నేల కూడా అంతే వంగుతుంది. ఎత్తు తగ్గదు. గాలి, కొండలు అడ్డం లేకపోతే నేలకు ఆనుకునే ఇలా తిరగవచ్చు. ఎత్తైన కొండ మీద ఫిరంగి పెట్టి, గుండును మరింత మరింత వేగంగా పేల్చుకుంటూ పోతే చివరికి అది భూమి చుట్టూ తిరిగి వస్తుందని న్యూటన్ మూడు వందల ఏళ్ల కిందటే ఊహించాడు. ఆ ఊహను నిజం చేసే రాకెట్ 1957 అక్టోబర్ 4న వచ్చింది. ఆ రోజు సోవియట్ యూనియన్ 83.6 కిలోల స్పుత్నిక్‌ను కక్ష్యలో పెట్టింది.

అంత ఎత్తున భూమి ఆకర్షణ ఉండదు కదా, అందుకే తేలుతూ ఉంటాయి కదా?

ఈ అపోహ పిల్లల్లో కంటే పెద్దవాళ్లలోనే ఎక్కువ. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 89 శాతం ఉంటుంది. 400 కిలోమీటర్ల ఎత్తున్న స్తంభం కట్టి దాని మీద మీరు నిలబడితే, నేల మీద 60 కిలోలు తూగే మనిషి అక్కడ 53 కిలోలు తూగుతారు, అంతే తేడా.

మరి వ్యోమగాములు ఎందుకు తేలుతున్నారంటే, వాళ్లూ, వాళ్లున్న గది, చేతిలోని చెంచా అన్నీ ఒకే తీరున పడుతున్నాయి. కాళ్ల కింద నేల కూడా కాళ్లతోపాటే పడుతుంటే అది మనల్ని పైకి నెట్టదు. బరువు అనిపించేది ఆ నెట్టుడే. ఆకర్షణ లేకపోతే ఉపగ్రహం తేలుతూ నిలబడదు, తిన్నగా అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది. దాన్ని భూమి చుట్టూ తిప్పుతున్నదే ఆ ఆకర్షణ.

బయటికి నెట్టే అపకేంద్ర బలమూ, లోపలికి లాగే ఆకర్షణా సమానమై నిలబడుతుందని పుస్తకంలో చదివాం. తప్పా?

లెక్క చేసుకోవడానికి అదొక పద్ధతి, జవాబు సరిగ్గానే వస్తుంది. కానీ ఉపగ్రహాన్ని నిజంగా బయటికి నెట్టేదేదో ఉందని మనసులో నాటుకుపోతుంది, అక్కడే చిక్కు. చేలో పిట్టలు తోలే వడిసెలను చూడండి. రాయి గుండ్రంగా తిరిగేది తాడు చేతి వైపు లాగుతూ ఉండబట్టే. తాడు కొస వదలగానే రాయి మన నుంచి నేరుగా దూరంగా ఎగరదు, ఆ క్షణాన ఏ వైపు తిరుగుతోందో ఆ వైపు తిన్నగా పోతుంది. బయటికి నెట్టే బలం ఉంటే అలా జరగదు. ఉపగ్రహం విషయంలో పనిచేసే బలం ఒక్కటే, భూమి ఆకర్షణ. మిగిలింది దానికి ముందే ఉన్న వేగం.

ఆ వేగం తగ్గకుండా ఇంజిన్ ఎప్పుడూ నడుస్తూ ఉండాలా?

అక్కర్లేదు. నేల మీద బండి ఆగిపోయేది రోడ్డు రాపిడి వల్ల, గాలి అడ్డం వల్ల. కొన్ని వందల కిలోమీటర్ల పైన రోడ్డూ లేదు, గాలి లేదన్నంత పలచన. రాకెట్ ఇచ్చిన వేగం అలాగే ఉండిపోతుంది. చందమామ ఏ ఇంజిన్ లేకుండా సెకనుకు కిలోమీటరు వేగంతో కోట్ల ఏళ్లుగా తిరుగుతున్నాడు.

రాకెట్ నిటారుగా లేచి, కాసేపటికే పక్కకు వంగిపోతుంది. దారి తప్పినట్టు అనిపిస్తుంది.

సూళ్లూరుపేట వైపు నుంచి ప్రయోగం చూసినవాళ్లంతా దీన్ని గమనించే ఉంటారు. తలెత్తి చూడాల్సి వస్తుందనుకుంటాం. రాకెట్ మాత్రం కాసేపటికే బంగాళాఖాతం మీదుగా వాలిపోతూ దూరమైపోతుంది. అది దారి తప్పడం కాదు, అసలు పని మొదలుపెట్టడం. మొదట నిటారుగా లేవడం కేవలం దట్టమైన గాలిని త్వరగా దాటడానికే.

కక్ష్య అంటే ఎత్తు అనుకుంటాం. ఎత్తు అందులో చిన్న భాగం. ఒక కిలో బరువును 400 కిలోమీటర్ల పైకి చేర్చడానికి పట్టే శక్తి కంటే, అక్కడ దానికి సెకనుకు 7.7 కిలోమీటర్ల అడ్డ వేగం ఇవ్వడానికి పట్టే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువ. ఆ వేగంతో పోయేదాని నీడ హైదరాబాద్ నుంచి విజయవాడకు 35 సెకన్లలో చేరుతుంది. రాకెట్‌లో ఇంధనమంతా ఖర్చయ్యేది ప్రధానంగా ఈ వేగం కోసమే.

తూర్పుకే ఎందుకంటే, భూమి తిరిగేది అటే. శ్రీహరికోట ఉన్న అక్షాంశం దగ్గర నేల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు పోతూ ఉంటుంది. తూర్పుకు ఎగిరే రాకెట్‌కు ఆ వేగం ఉచితంగా వస్తుంది. పైగా కింద సముద్రం, విడిపోయిన దశలు ఎవరి ఇంటి మీదా పడవు. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలను పంపాలంటే మాత్రం దక్షిణానికి పోవాలి, అక్కడ శ్రీలంక అడ్డం. అందుకే ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా పోయి, ఆ తర్వాత దక్షిణానికి మళ్లుతుంది. ఆ మలుపుకు ఇంధనం వృథా అవుతుంది. చిన్న రాకెట్‌కు ఆ నష్టం భరించరానిది. తమిళనాడు దక్షిణ కొసన కులశేఖరపట్నంలో ఇస్రో ఇంకో ప్రయోగ కేంద్రం కడుతున్నది ఇందుకే.

వేగం కొద్దిగా తక్కువైతే ఏమవుతుంది?

2022 ఆగస్టు 7న ఏం జరిగిందో చూస్తే చాలు. ఆ రోజు ఇస్రో కొత్త చిన్న రాకెట్ ఎస్ఎస్‌ఎల్‌వీ మొదటిసారి ఎగిరింది. ఈఓఎస్-02 ఉపగ్రహం, దాంతోపాటు గ్రామీణ ప్రాంతాల ఆడపిల్లలు పాలుపంచుకుని తయారుచేసిన ఆజాదీశాట్ అందులో ఉన్నాయి. మూడు ఘన ఇంధన దశలూ బాగానే మండాయి. రెండో దశ విడిపోయేటప్పుడు మాత్రం కొద్దిసేపు బలమైన కంపనాలు వచ్చాయి. వేగం మార్పును కొలిచే సెన్సర్ల రీడింగ్‌లు ఆ అదురుకు హద్దు దాటాయి. లోపలి కంప్యూటర్ అవి చెడిపోయాయనుకుని, ఆపద సమయానికి ఉంచిన పద్ధతిలోకి మారిపోయింది. చివర్లో వేగాన్ని సరిచేయాల్సిన చిన్న ఇంజిన్ తన పని చేయలేదు.

ఉపగ్రహాలు విడిపోయాయి. ఎత్తు కూడా అనుకున్నంత వచ్చింది, 356 కిలోమీటర్లు. ఆ ఎత్తున గుండ్రటి కక్ష్యకు సెకనుకు 7.69 కిలోమీటర్ల వేగం కావాలి. అవి చేరిన దీర్ఘవృత్తాకార కక్ష్యను బట్టి లెక్క వేస్తే పై కొసన ఉన్న వేగం సుమారు 7.61 వస్తుంది. తేడా ఒక్క శాతం. ఆ ఒక్క శాతం వల్ల కక్ష్య కింది కొస 356 నుంచి 76 కిలోమీటర్లకు దిగిపోయింది. 76 కిలోమీటర్ల దగ్గర గాలి దట్టంగా ఉంటుంది, అక్కడికి వచ్చిన ఉపగ్రహం నిలవదు. రెండూ పోయాయి. ఆ పిల్లల శ్రమ తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఇస్రో లోపం సరిచేసి 2023 ఫిబ్రవరి 10న అదే రాకెట్‌తో మూడు ఉపగ్రహాలను 450 కిలోమీటర్ల కక్ష్యలో సరిగ్గా పెట్టింది.

మరి వేగం ఎక్కువైతే?

కక్ష్య సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, అవతలి కొస పైకి లేస్తుంది. ఇంకా పెంచుకుంటూ పోయి, నేల దగ్గర లెక్కలో సెకనుకు 11.2 కిలోమీటర్లు దాటితే ఇక భూమికి తిరిగి రాదు. చంద్రయాన్-3ని 2023 జులైలో అంచెలంచెలుగా దూరం పంపింది ఇలాగే. భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఇంజిన్ మండించారు, ఆ చోట వేగం పెరిగితే ఎదుటి కొస ఎత్తు పెరుగుతూ పోయింది.

బరువైన ఉపగ్రహానికి ఎక్కువ వేగం కావాలా?

వద్దు. 420 టన్నుల అంతరిక్ష కేంద్రమైనా, దాని పక్కనే జారిపోయిన మర మేకైనా అదే ఎత్తున అదే వేగం. బరువు ఎక్కువైతే ఆ వేగం ఇవ్వడానికి పెద్ద రాకెట్ కావాలి, అంతవరకే.

మా ఇంటి డిష్ ఎప్పుడూ ఒకే వైపు చూస్తుంది. ఆ ఉపగ్రహం కదలదా?

కదులుతుంది, సెకనుకు 3 కిలోమీటర్లకు పైగా. పైకి పోయేకొద్దీ ఆకర్షణ తగ్గుతుంది, వేగం తక్కువ సరిపోతుంది, తిరగాల్సిన చుట్టు పెద్దదవుతుంది. 400 కిలోమీటర్ల దగ్గర ఒక చుట్టుకు 92 నిమిషాలు పడితే, 35,786 కిలోమీటర్ల ఎత్తున 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికీ అంతే సమయం. రెండూ కలిసి తిరుగుతాయి కాబట్టి మనకు ఉపగ్రహం ఆకాశంలో ఒకే చోట నిలిచినట్టుంటుంది. దీన్నే భూస్థిర కక్ష్య అంటారు. 82, 74 డిగ్రీల తూర్పు రేఖాంశాల దగ్గర ఉంచిన ఇన్‌శాట్-3డీ, ఇన్‌శాట్-3డీఆర్ వంటి వాతావరణ ఉపగ్రహాలు తుఫాను తీరం వైపు వస్తుంటే గంట గంటకూ ఫొటోలు పంపగలిగింది ఇలా ఒకేచోట నిలిచి చూడబట్టే.

హైదరాబాద్ నుంచి చూస్తే 83 డిగ్రీల తూర్పు దగ్గరున్న ఉపగ్రహం దక్షిణానికి కాస్త తూర్పుగా, నేల నుంచి దాదాపు 69 డిగ్రీల ఎత్తున ఉంటుంది. డిష్ మరీ అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు, ఎందుకంటే ఇళ్ల మీద వాడే డిష్‌లు సిగ్నల్‌ను ఏటవాలుగా అందుకునేలా చేసినవి. వాన గట్టిగా కురిసినప్పుడు బొమ్మ పోయేది ఉపగ్రహం జరిగినందుకు కాదు, వాన చినుకులు సిగ్నల్‌ను మింగేసినందుకు.

సరిగ్గా హైదరాబాద్ నడినెత్తినే ఒకటి నిలబెట్టవచ్చు కదా?

కుదరదు. ఏ కక్ష్య తలమైనా (కక్ష్య గీసే వలయం పరుచుకున్న చదును) భూమి కేంద్రం గుండా పోవాల్సిందే, ఎందుకంటే ఆకర్షణ లాగేది కేంద్రం వైపు. ఒకే చోట నిలబడాలంటే ఆ తలం భూమధ్యరేఖ మీదే ఉండాలి. మన డిష్‌లన్నీ దక్షిణానికి తిరిగి ఉండేది అందుకే.

36 వేల కిలోమీటర్ల ఎత్తుకు రాకెట్టే తీసుకెళ్తుందా?

మన జీఎస్‌ఎల్‌వీ చేసేది ముప్పాతిక పని. 170 కిలోమీటర్ల దగ్గర మొదలై 36 వేల దాకా సాగే కక్ష్యలో వదిలేస్తుంది. కింది కొసన వేగం సెకనుకు 10 కిలోమీటర్లకు పైనే ఉంటుంది, పై కొసకు ఎక్కేసరికి 1.6కు పడిపోతుంది. అక్కడ గుండ్రంగా తిరగాలంటే 3.07 కావాలి. ఆ తేడాను ఉపగ్రహం తన సొంత ఇంజిన్‌తో పూడ్చుకోవాలి. కర్ణాటకలోని హాసన్ కేంద్రం నుంచి శాస్త్రవేత్తలు రోజుల తరబడి టెన్షన్‌తో చేయించే పని ఇది.

2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం జరిగింది. రాకెట్ దారి చూపే (నావిగేషన్) ఉపగ్రహం ఎన్‌వీఎస్-02ను చక్కగా వదిలింది. కానీ ఉపగ్రహంలోని ఇంజిన్‌కు ఆక్సిడైజర్ (ఇంధనం మండడానికి తోడ్పడే పదార్థం) పంపే వాల్వులు తెరుచుకోలేదు. సోలార్ పలకలు విచ్చుకున్నాయి, కరెంటు ఉంది, మాట్లాడుతోంది. అయినా పై కొసన కావాల్సిన ఆ వేగం రాలేదు కనుక అనుకున్న కక్ష్యకు చేరలేదు.

భూమి ఫొటోలు తీసేవి రోజూ ఒకే సమయానికి మన మీదుగా పోతాయట. ఎలా?

ధ్రువాల మీదుగా 500 నుంచి 900 కిలోమీటర్ల ఎత్తున తిరిగేవాటి సంగతి ఇది. భూమి పూర్తి గుండ్రం కాదు, నడుము దగ్గర వ్యాసార్ధం ధ్రువాల దగ్గరకన్నా 21 కిలోమీటర్లు ఎక్కువ. ఆ అదనపు ఉబ్బు లాగడం వల్ల కక్ష్య తలం నెమ్మదిగా తిరుగుతుంది. ఎత్తును బట్టి, భూమధ్యరేఖతో కక్ష్య చేసే వాలును 98 డిగ్రీల దగ్గర సరిగ్గా ఎంచుకుంటే అది రోజుకు దాదాపు ఒక డిగ్రీ తిరుగుతుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగేదీ రోజుకు అంతే. దాంతో ఉపగ్రహం ఎప్పుడు మన మీదుగా వచ్చినా ఎండ ఒకే కోణంలో ఉంటుంది. పోయిన ఏటి వరి పొలం ఫొటోనూ ఈ ఏటి ఫొటోనూ పోల్చడానికి ఇది చాలా అవసరం. షాద్‌నగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఆవరణలో పెద్ద యాంటెన్నాలు అందుకునేది ఇలాంటి ఉపగ్రహాల డేటానే. భూమి ఆకారంలోని లోపాన్ని ఇంత పనికొచ్చేలా వాడుకోవడం నాకు ఈ శాస్త్రం మొత్తంలో అన్నిటికంటే నచ్చిన సంగతి.

ఇంజిన్ అక్కర్లేదన్నారు, మరి ఉపగ్రహంలో ఇంధనం దేనికి?

చిన్న చిన్న సవరణలకు. భూస్థిర కక్ష్యలో ఉన్నదాన్ని సూర్యుడు, చంద్రుడు కూడా లాగుతూ ఉంటారు, దాని తలం ఏడాదికి ఒక డిగ్రీకి కాస్త తక్కువగా వాలిపోతుంది. భూమధ్యరేఖ కూడా ఖచ్చితమైన వృత్తం కాదు కనుక ఉపగ్రహాలు తూర్పుకో పడమరకో జరుగుతుంటాయి. వదిలేస్తే 75 డిగ్రీల తూర్పు, లేదా భూమికి అవతలి వైపున 105 డిగ్రీల పడమర రేఖాంశం చుట్టూ ఊగులాడుతూ ఉండిపోతాయి. ఈ 75 డిగ్రీల రేఖాంశం మన దేశం మీదుగానే పోతుంది. ఇంధనం అయిపోతే ఉపగ్రహం కింద పడదు, చెప్పినచోట నిలబడదు, అంతే. మీ డిష్‌కు మాత్రం అది లేనట్టే.

మరి స్కైలాబ్ ఎందుకు పడింది?

స్కైలాబ్ అమెరికా అంతరిక్ష కేంద్రం. 1979లో మన పల్లెల్లో ఈ పేరు రేపిన భయం పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. లోకం అంతమైపోతుందని కోళ్లనూ మేకలనూ కోసుకుతిన్నవాళ్లున్నారు, పుట్టిన బిడ్డలకు ఆ పేరే పెట్టినవాళ్లూ ఉన్నారు. చివరికి జులై 11న ముక్కలై హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది.

కారణం గాలే. వాతావరణానికి గీత గీసినట్టు అంచు ఉండదు, 400 కిలోమీటర్ల పైన కూడా చాలా పలచగా ఉంటుంది. సూర్యుడి మీద అలజడి పెరిగితే ఆ పై గాలి వేడెక్కి ఉబ్బుతుంది, ఉపగ్రహాలకు తగిలే గాలి పెరుగుతుంది. ఆ ఏళ్లలో సూర్యుడి అలజడి నాసా అంచనాను మించింది. 2022 ఫిబ్రవరిలోనూ ఇదే జరిగింది. అప్పుడే వదిలిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలు 210 కిలోమీటర్ల ఎత్తున ఉండగా భూ అయస్కాంత తుఫాను వచ్చి దాదాపు 40 పడిపోయాయి. అంతరిక్ష కేంద్రం కూడా నెలకు కిలోమీటరు రెండు కిలోమీటర్ల మేర దిగుతూ ఉంటుంది, ఎప్పటికప్పుడు ఇంజిన్లు మండించి పైకి నెడతారు.

ఇందులో ఒక వింత ఉంది. గాలి అడ్డుపడితే ఉపగ్రహం నెమ్మదించాలి కదా, కానీ అది కిందికి దిగి ఇంకా వేగం అందుకుంటుంది. 500 కిలోమీటర్ల దగ్గర సెకనుకు 7.62 కిలోమీటర్లు, 300 దగ్గర 7.73. దిగేటప్పుడు ఆకర్షణ ఇచ్చే వేగం, గాలి లాక్కున్నదానికంటే ఎక్కువ. కక్ష్యలో ముందున్నదాన్ని అందుకోవాలంటే కూడా ముందుకు దూకకూడదు, కాస్త వేగం తగ్గించి కిందికి దిగాలి, అక్కడ చుట్టు త్వరగా పూర్తవుతుంది. 2025 జనవరి 16న స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండింటినీ ఇస్రో కలపగలిగింది ఇలాంటి సన్నని వేగ తేడాలను లెక్కకట్టే.

ఒకదాన్నొకటి ఢీకొట్టవా?

కొట్టాయి. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద సుమారు 790 కిలోమీటర్ల ఎత్తున పనిచేస్తున్న ఇరిడియం-33, పనికిరాని కాస్మోస్-2251 గుద్దుకుని వేల ముక్కలయ్యాయి. ఒక్కో ముక్కదీ ఇప్పుడు సొంత కక్ష్య.

మామూలు కంటికి కనిపిస్తాయా?

చీకటి పడ్డాక గంటా రెండు గంటల్లోపు, లేదా తెల్లవారుజామున చూడండి. మిణుకుమనకుండా, విమానంలా ఎర్ర దీపాలు లేకుండా నిలకడగా సాగిపోయే చుక్క ఉపగ్రహమే. మనకు చీకటి, దానికి ఇంకా ఎండ. ఆకాశం మధ్యలో ఉన్నట్టుండి మాయమైతే భూమి నీడలోకి పోయిందన్నమాట.

పని అయిపోయాక ఎంతకాలం తిరుగుతాయి?

ఎత్తును బట్టి. మన తొలి ఉపగ్రహం ఆర్యభట్టను 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ సుమారు 600 కిలోమీటర్ల ఎత్తున పెట్టింది. అది 1992లో వాతావరణంలోకి వచ్చి కాలిపోయింది. 1958లో అమెరికా పంపిన వాన్‌గార్డ్-1 ఎత్తైన కక్ష్యలో ఉంది కాబట్టి ఈనాటికీ తిరుగుతోంది. 36 వేల దగ్గర గాలి ఊసే లేదు, వాటిని చివరి ఇంధనంతో ఇంకో రెండు మూడు వందల కిలోమీటర్లు పైకి నెట్టి దారి ఖాళీ చేస్తారు.

కింది కక్ష్యల్లోవాటిని దించడమే మేలు. భూమి ఫొటోలు తీసిన మన కార్టోశాట్-2ను అలాగే వదిలితే పడడానికి 30 ఏళ్లు పట్టేది. మిగిలిన ఇంధనంతో 2020 నాటికే దాన్ని 380 కిలోమీటర్లకు దించారు, 2024 ఫిబ్రవరి 14న హిందూ మహాసముద్రం మీద వాతావరణంలోకి వచ్చింది. వాతావరణ ఉపగ్రహం మేఘా-ట్రాపిక్స్‌ను 2023 మార్చి 7న ఏకంగా గురిచూసి, మనుషులు లేని పసిఫిక్ సముద్ర భాగం మీద దించారు. ఆ ఉపగ్రహాన్ని ఇలా దించే ఆలోచనతో తయారుచేయలేదు. అయినా ట్యాంకులో మిగిలిన వంద కిలోలకు పైగా ఇంధనాన్ని వృథా పోనివ్వకుండా చేసిన పని అది.